విడుదలైన ముద్దాయిని మళ్లీ బోనెక్కించకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రెండో భాగం, దానితో జతచేసిన పాఠకుల అభిప్రాయాల కట్ట అందాయి. రెండూ చదివాను. సాక్షి తడబాటును మాటల్లో పట్టుకోవడం నీకు బాగా వచ్చు. పొగడ్త ఇంతే.

పంతొమ్మిదో అధ్యాయం దగ్గర నాకు ఒళ్లు మండింది. మొదటి భాగం చివర సెషన్స్ జడ్జి నిర్దోషి అని విడుదల చేసిన మనిషిని, కొత్త వీడియో దొరికిందని చెప్పి ఇనస్పెక్టరు మళ్లీ బేడీలు వేసి తీసుకొస్తాడు. అదే హత్య, అదే కోర్టు, అదే బోను. దాన్ని కొందరు 'అదిరిపోయింది' అన్నారు, కొందరు 'నమ్మబుద్ధి కాలేదు' అన్నారు. ఇందులో ఎవరి మాట వినాలి అని నువ్వు నన్ను అడుగుతున్నావు.

అభిప్రాయాలను మెచ్చినవి, తిట్టినవి అని రెండు కుప్పలు పోశావు. అలా పోస్తే నీ మనసు బాగుపడటమో పాడవటమో తప్ప నవలకు ఒరిగేదేమీ లేదు. రెండో భాగం చదివేవాళ్లు మూడు రకాలు. మొదటిది చదవనివాళ్లు, ఎప్పుడో చదివి సగం మరిచిపోయినవాళ్లు, నిన్నగాక మొన్న చదివి బెంచి గుమాస్తా పేరుతో సహా గుర్తుపెట్టుకున్నవాళ్లు. ప్రతి అభిప్రాయం మీదా రాసినవాళ్లు ఏ రకమో గుర్తు పెట్టు. ఆ పక్కన వాళ్లు ఏ పేజీ గురించి మాట్లాడుతున్నారో రాసుకో. అప్పుడు 'మొదటి యాభై పేజీలు సాగదీశాడు' అన్నవాళ్లు మూడో రకమనీ, 'ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియలేదు' అన్నవాళ్లు మొదటి రకమనీ బయటపడుతుంది. ఇద్దరూ ఒకే యాభై పేజీల గురించే ఫిర్యాదు చేస్తున్నారు. వాళ్ల మధ్య తగాదా ఏమీ లేదు. నువ్వు పాతకథ చెప్పిన పద్ధతే ఇద్దరికీ పనికిరాలేదు.

ఇంకో సంగతి. పాఠకుడు తనకు ఎక్కడ విసుగొచ్చిందో కచ్చితంగా చెబుతాడు, ఎందుకొచ్చిందో మాత్రం చాలాసార్లు తప్పు చెబుతాడు. 'ముగింపు తేలిపోయింది' అని చాలామంది రాశారు. నీ ముగింపులో లోపం లేదు. పంతొమ్మిదిలో నీ కోర్టు మీద నమ్మకం పోయింది కాబట్టి, ముప్పైలో ఆ కోర్టు ఏ తీర్పు చెప్పినా వాళ్లకు పట్టలేదు.

నువ్వు తిట్టిన కుప్పలో పడేసిన వాటిల్లో ఒకటి ఉంది. 'మూడొందల సెక్షన్ ఉంది కదండీ' అని ఒకే వాక్యం. ఆ రాసినవారెవరో కోర్టులో పనిచేసి ఉంటారు. కట్ట మొత్తంలో నీకు పనికొచ్చే ఉత్తరం అదే.

రాజ్యాంగం 20వ అధికరణం రెండో ఖండం ఒకే నేరానికి ఒక మనిషిని రెండుసార్లు ప్రాసిక్యూట్ చేసి శిక్షించకూడదంటుంది. నేర విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్పీసీలో సెక్షన్ 300, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 337 ఇంకా ముందుకెళ్లి, విడుదల తీర్పు అమల్లో ఉన్నంతకాలం ఆ నేరానికి మళ్లీ విచారణే వద్దంటాయి. వీడియో దొరికినా, సాక్షి మనసు మార్చుకున్నా, చివరికి ముద్దాయే నడిబజారులో నిలబడి 'నేనే చంపాను' అని అరిచినా ఇనస్పెక్టరు వెళ్లి బేడీలు వేయలేడు. ముందు ఆ తీర్పును పై కోర్టు రద్దు చేయాలి. దీన్ని నువ్వు కథకు అడ్డంకి అనుకున్నావు. నాకైతే రెండో భాగానికి ఇంతకంటే మంచి ముడిసరుకు కనిపించడం లేదు. నిర్దోషి అని ముద్ర పడ్డ హంతకుడు అదే వీధిలో తిరుగుతుంటాడు, చట్టం తెలిసిన ప్రతివాడూ చేతులు కట్టుకుని చూస్తుంటాడు. అంత కథను ఒక జత బేడీలతో పాడుచేశావు.

తీర్పును మార్చే దారి హైకోర్టుకు పోతుంది. ప్రభుత్వం అప్పీలు చేయాలంటే తీర్పు వచ్చిన 90 రోజుల్లో చేయాలి, హైకోర్టు అనుమతీ కావాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణాలు చూపిస్తూ వేరే పిటిషన్ వేయాలి. హతుడి భార్యకు ఆ అనుమతి అక్కర్లేదు. 2009 చివరి నుంచి బాధితులకు సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది, అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. నీ నవలలో ఆ భార్య రెండు అధ్యాయాల్లో ఏడ్చి మాయమైపోయింది. అప్పీలు వేయాల్సిన మనిషి ఆమె! ఇక కొత్త వీడియో లోపలికి రావాలంటే, అప్పీలు కోర్టు అదనపు సాక్ష్యం తీసుకోవచ్చని చెప్పే సెక్షన్ ఉంది, పాతది 391, కొత్తది 432. హైకోర్టు తానే శిక్ష వేయవచ్చు, లేదా తిరిగి విచారణ జరపమని కింది కోర్టుకు పంపవచ్చు. అలా పంపిన తర్వాత నీ ముద్దాయి మళ్లీ అదే బోనెక్కితే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒకటి గుర్తుంచుకో, అప్పీలులో విడుదలైనవాడిది పైచేయి. సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు చోటుంటే విడుదలే నిలుస్తుంది. అందుకని నీ వీడియో కేవలం అనుమానం రేపితే చాలదు.

అప్పీలు కథ వద్దనుకుంటే చట్టంలోనే వేరే సందులున్నాయి. మొదటి భాగాన్ని విడుదలతో కాక డిశ్చార్జితో, అంటే విచారణ మొదలవకముందే ముద్దాయిని కేసు నుంచి తప్పించడంతో, ముగించి ఉంటే ఈ నిషేధం వర్తించేదే కాదు. తీవ్రగాయం చేసినందుకు శిక్ష పడ్డాక ఆ గాయపడ్డవాడు చనిపోతే, ప్రాణం తీసిన నేరానికి కొత్తగా విచారించవచ్చు. మొదటి కేసులో అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడి మీద ఆ కోర్టే ఫిర్యాదు చేయవచ్చు, అది వేరే నేరం, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నా పట్టుదల ఇదొక్కటే, ఇందులో నేను వాదనకు దిగను. కోర్టు నవల రెండో భాగం మొదటి తీర్పును చించిపారేసి పుట్టకూడదు. ఆ తీర్పు తేల్చకుండా వదిలేసిన దాంట్లోంచి పుట్టాలి. తీర్పు రాసిన జడ్జి ఏ అంశం మీద 'ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది' అన్నాడో, అక్కడ వేలు పెట్టి మొదలుపెట్టు.

తేదీలు చూసుకోలేదు నువ్వు. హత్య 2022లో జరిగిందని మొదటి భాగంలో నువ్వే రాశావు. రెండో భాగం 2025లో నడుస్తుంది కదా అని ఆ హత్యకు కూడా కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లోని హత్య సెక్షన్ 103 పెట్టేశావు. కొత్త చట్టాలు 2024 జులై 1న అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరానికి ఎన్నేళ్లయినా పాత శిక్షాస్మృతి ఐపీసీ 302 సెక్షనే. నీ రెండో భాగంలో జరిగే కొత్త హత్యకు మాత్రం 103. ఒకే నవలలో ఒకే లాయరు రెండు హత్యలకు రెండు నంబర్లు పలకాలి. సరిగ్గా రాస్తే అది కూడా ఒక రుచి.

పెన్‌డ్రైవ్ అధ్యాయం సంగతి. నీ లాయరమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి తీసి జడ్జిగారి బల్ల మీద పెడుతుంది, హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అవతలి లాయరు లేచి 'సర్టిఫికెట్ ఏదండీ?' అంటాడు, అంతే, నీ అధ్యాయం కూలిపోయింది. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బి, ఇప్పటి సాక్ష్య చట్టంలో 63. అసలు పరికరం తేకుండా నకలు తెస్తే, అది ఏ పరికరంలోంచి ఎలా వచ్చిందో చెప్పే సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కొత్త నమూనాలో అది రెండు భాగాలు, ఒకటి దాఖలు చేసేవారు ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని పోల్చి చూసే వేలిముద్ర లాంటి అంకె, ఉండాలి. ఆ వీడియో ఎవరి దుకాణం కెమెరాదో, ఆ దుకాణదారు సంతకం పెట్టడానికి ఎందుకు జంకుతున్నాడో రాయి. హాలంతా నిశ్శబ్దం కంటే అది ఎక్కువ బిగువు ఇస్తుంది.

ముద్దాయిని పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, నిలదీసే సన్నివేశం తీసెయ్. మన కోర్టుల్లో సాక్ష్యం అయ్యాక జడ్జే ముద్దాయిని ప్రశ్నిస్తాడు, ప్రమాణం ఉండదు, జవాబు చెప్పకపోయినా శిక్ష లేదు. తానే సాక్షిగా నిలబడతానని ముద్దాయి రాసిచ్చి కోరుకుంటే తప్ప అతనికి క్రాస్, అంటే అవతలి లాయరు ప్రశ్నలు, లేదు. సుత్తి కొట్టే జడ్జి కూడా మనకు లేడు.

పోలీసుల ముందు చెప్పిన వాంగ్మూలాన్ని నువ్వు వాడిన తీరు మరీ అన్యాయం. ఆ కాగితం మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదు కూడా. నీ లాయరమ్మ దాన్ని ఊపి 'ఇదిగో నీ సంతకం' అంటుంది! డిఫెన్స్, అంటే ముద్దాయి తరఫు, ఆ కాగితాన్ని వైరుధ్యం చూపడానికే వాడాలి, దానికి రెండు మెట్లున్నాయి. ముందు సాక్షికి (ప్రాసిక్యూషన్ రెండో సాక్షి అనుకో, కోర్టు భాషలో పి.డబ్ల్యు. 2) ఆ ముక్క చదివి వినిపించి 'పోలీసులకు ఇలా చెప్పారా?' అని అడగాలి. సాక్షి 'చెప్పలేదు' అంటుంది. అక్కడితో గెలుపు రాదు. నెలల తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు 'పి.డబ్ల్యు. 2 మీ ముందు ఇలా చెప్పిందా?' అని అడిగి 'చెప్పింది' అనిపించుకోవాలి. అప్పుడే ఆ ముక్క ఎగ్జిబిట్ డి-1, అంటే డిఫెన్స్ వైపు మొదటి దస్తావేజు, అవుతుంది. చాలా కేసుల్లో లాయర్లు రెండో మెట్టు మరిచిపోయి మొత్తం పోగొట్టుకుంటారు. ఆ రెండు మెట్ల మధ్య వచ్చే వాయిదాలు నీకు చట్టం ఊరికే ఇచ్చిన ఉత్కంఠ. దర్యాప్తు అధికారి ఈలోగా బదిలీ అయినా, జబ్బుపడినా, డబ్బు తిన్నా కథ నడుస్తుంది.

ఇలాంటివి వదిలేసి చివరి నిమిషం సాక్షులను పరుగెత్తించే అలవాటు నీకు ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. ప్రతి వారం చివర ఒక కేక పడాలని పట్టుబట్టిన సీరియల్ సంపాదకులు తెలుగు కోర్టు కథను ఆ గతికి తెచ్చారు. వాయిదా అనే మాట కనిపిస్తే చాలు, 'నడక తగ్గింది' అని ఎర్రసిరా పూసేవాళ్లు. ఇప్పటివాళ్లు మొదటి భాగం అచ్చు ఆరకముందే మూడు భాగాలు ప్రకటించమంటున్నారు, అధ్యాయాలకు ఇంగ్లీషు పేర్లు పెట్టమంటున్నారు. నీ అట్ట మీద కూడా 'మూడో భాగం త్వరలో' అని చూశాను. అది ఎవరి సరదానో నేను అడగను.

పాతకథ చెప్పే పద్ధతికి వస్తాను. యాభై పేజీలు అక్కర్లేదు, మూడు పేజీలు చాలు. సెషన్స్ తీర్పు ఏదైనా తీసి చూడు, మొదట ప్రాసిక్యూషన్ కథనం క్లుప్తంగా ఉంటుంది, తర్వాత సాక్షుల వరస, తేల్చాల్సిన అంశాలు, చివర నిర్ణయం. పాతకథ చెప్పడానికి జడ్జే నీకు గుమాస్తాగిరీ చేసి పెట్టాడన్నమాట. హతుడి భార్య తీర్పు నకలు పట్టుకుని హైకోర్టు లాయరు దగ్గరకు వెళ్లాలి. ఆయన పైకి చదవాలి, మధ్యలో ఆపి ఆమెను అడగాలి. మొదటి భాగం చదవనివాడికి కథ తెలుస్తుంది. చదివినవాడికి కూడా పేజీకి ఒక్కటైనా కొత్త సంగతి తగలాలి. ఉదాహరణకు, తీర్పులో 'ఎల్.డబ్ల్యు. 5ను (ఛార్జిషీటు జాబితాలోని ఐదో సాక్షిని) ప్రాసిక్యూషన్ విచారించలేదు' అని ఒక ముక్క. ఎందుకు విచారించలేదో మొదటి భాగంలో ఎవరూ అడగలేదు. మొదటి ముప్పై పేజీల్లో పాత పాత్రలు నలుగురికి మించి రానివ్వకు. వచ్చిన ప్రతి ఒక్కరూ పేరుకంటే ముందు పనితో కనబడాలి.

నీ లాయరమ్మ 'మారిపోయింది' అని చాలామంది బాధపడ్డారు. వాళ్లు చెప్పింది నిజం. తన క్లయింటే హంతకుడని తెలిసి, అతను తనతో ఏకాంతంగా చెప్పిన మాటలను తీసుకెళ్లి పీపీ చెవిలో వేస్తుంది. నువ్వు దాన్ని అంతరాత్మ అన్నావు. క్లయింటు ఒప్పుకోకుండా లాయరు ఆ మాటలు బయటపెట్టకూడదని సాక్ష్య చట్టం చెబుతుంది, పాతది 126, కొత్తది 132. జరగబోయే నేరానికి సాయం అడిగిన మాటలకైతే ఈ రక్షణ లేదు, జరిగిపోయిన హత్య గురించి చెప్పుకున్న మాటలకు ఉంది. ఆమె మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్లాలి, సనదు, అంటే వకాలతు చేసే లైసెన్సు, పోయే ప్రమాదం ఉండాలి. నీ పుస్తకంలో ఒక్క తోటి లాయరు కూడా ముఖం తిప్పుకోలేదు. ఆమె నోరు విప్పలేక నలిగిపోతే పాఠకుడు ఆమెతో ఉంటాడు. లేదా నోరు విప్పి, దానికి మూల్యం చెల్లిస్తే అప్పుడూ ఉంటాడు. ఏమీ పోగొట్టుకోకుండా మంచిదైపోయింది చూశావా, పాఠకులు మారిపోయింది అన్నది దాన్నే. రెండో హత్య తన ప్లానులో ఉందని క్లయింటు ఆమెతో అంటే మాత్రం లెక్క మారుతుంది. ఆ సన్నివేశం నీ పదకొండో అధ్యాయంలో సగం రాసి వదిలేశావు, ఎందుకో తెలియదు.

పంతొమ్మిది నుంచి ఇరవై ఆరు దాకా తీసేసి, అప్పీలు నోటీసు ముద్దాయి ఇంటికి అందిన రోజు నుంచి మళ్లీ రాయి. రాసేముందు ఏదైనా సెషన్స్ కోర్టు వెనక బెంచీలో వరసగా కొన్ని వాయిదాలు కూర్చో. రహస్య విచారణ కాకపోతే ఎవరూ లేవమనరు. సాక్షి చెప్పింది జడ్జి ఎలా మార్చి టైపిస్టుకు చెబుతాడో, 'అబద్ధం చెబుతున్నాననడం వాస్తవం కాదు' అని ప్రతి క్రాస్ చివరా ఎలా పడుతుందో విను. నోటీసు అధ్యాయం, పెన్‌డ్రైవ్ అధ్యాయం, ఆ పదకొండు, ఈ మూడూ తిరగరాసి పంపు. వరసల మధ్య చోటు వదిలి టైపు చేయించు, నేను పెన్సిలుతో రాస్తాను.

ఆశీస్సులతో.