కొత్త సర్పంచమ్మకు పెద్దమ్మ జాబు

అనంతపురం

అమ్మణ్ణీ,

గెలిచినావని తెలిసి చానా సంతోషమైంది. పూలదండలు, ఫ్లెక్సీలు ఇంకో పది రోజులుంటాయి. అవి వాడిపోయేలోగా చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అందుకే ఈ జాబు.

అన్నిటికంటే ముందు ఫోన్ నంబరు. మండలాఫీసు జాబితాలో నీ పేరు పక్కన ఎవరి నంబరుందో చూడు. నామినేషన్ నాడు అల్లుడు, అదే మీ ఆయన, తన నంబరే రాసి ఉంటాడు. మండల అధికారి ఎంపీడీఓ ఫోన్లు, వాట్సాప్ గ్రూపు, ఓటీపీలు అన్నీ ఐదేళ్లూ ఆ నంబరుకే పోతాయి. ‘సర్పంచి మొగుడు’ పాలన మొదలవ్వడానికి ఎవరూ కుట్ర చేయక్కర్లేదు, ఈ నంబరొక్కటి చాలు. నీ పేరు మీద సిమ్ తీసుకో, నంబరు మార్చమని నీ సంతకంతో అర్జీ ఇచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకో.

రెండోది డిజిటల్ కీ. పెన్‌డ్రైవ్ మాదిరి చిన్న వస్తువు. పంచాయతీ డబ్బు ఆన్‌లైన్లో కదలాలంటే ఒకరు బిల్లు తయారుచేస్తే ఇంకొకరు ఒప్పుకోవాలి. నీ కీ పెట్టి పిన్ కొడితే నువ్వు ఒప్పుకున్నట్టే. చానా ఊర్లలో ఆ కీ కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులో ఉంటుంది, పిన్ దాని మీదే కాగితం ముక్క అంటించి రాసి ఉంటుంది! రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే మాత్రం నోటీసు నీ పేరునే వస్తుంది. కీ నీ బీరువాలో పెట్టుకో, పిన్ నువ్వే మార్చుకో. దానికి గడువు తేదీ ఉంటుంది. అది దాటితే బిల్లులు ఆగిపోతాయి, అప్పుడు తొందరలో ‘ఇటివ్వండమ్మా, మేం చేయిస్తాం’ అని తీసుకుపోతారు. తిరిగి రావడం కష్టం. గడువుకు నెల ముందే గుర్తుండేట్టు గోడ క్యాలెండర్లో రాసిపెట్టుకో.

కీ పెట్టేముందు నాలుగు కాగితాలు చూడు: మంజూరైన అంచనా, తీర్మానం, ఇంజినీరు కొలతలు రాసిన ఎం.బుక్, బిల్లు. కొలత పుస్తకంలో ఎన్ని మీటర్లు రాసుంటే అన్ని మీటర్లు కాలువ దగ్గర ఉందా లేదా టేపుతో కొలిపించు. వంద మీటర్ల కాలువకు పెద్ద చదువు అక్కర్లేదు. డబ్బు పోయే ఖాతా ఎవరి పేరున ఉందో కూడా చదువు. పని చేసింది ఒకరు, ఖాతా ఇంకొకరిదైతే ఆపు. ‘రేపే గడువు, ఈరోజే కొట్టేయాలి’ అన్న బిల్లును ఇంకో రెండుసార్లు చదువు.

ఇప్పుడు తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆడ సర్పంచులు మోసపోయేది డబ్బు దగ్గరకంటే ఈ పుస్తకం దగ్గరే ఎక్కువ. పంచాయతీ సమావేశం నెలకొకటి. మూడు రోజుల ముందు అజెండా వార్డు మెంబర్లకు చేరాలి. జరిగేదేమంటే, పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది, మెంబర్లు నిలబడినచోటే సంతకం పెడతారు, పైన ఏం తీర్మానించారో తీరికగా తర్వాత రాసుకుంటారు. రాసే ఆయన మంచివాడే కావచ్చు. కానీ సంతకం ముందు, రాత తర్వాత పడిన కాగితం ఎవరికైనా ఆయుధమే. అందుకని పేజీలకు నంబర్లు వేయించు. రాత ముగిసిన వరుస కిందనే సంతకం పెట్టు, మధ్యలో ఖాళీ మిగిలితే అడ్డంగా గీత కొట్టించు. రాసింది గట్టిగా చదివించాకే పెన్ను తీయి. ఆ రోజే పేజీని ఫోన్లో ఫోటో తీసుకో.

తీర్మానం రాతలో కూడా తేడా ఉంటుంది. ‘గ్రామములో వీధి దీపములు వేయుటకు తీర్మానించడమైనది’ అని రాస్తే, ఆ దీపాలు పలుకుబడి ఉన్నవాళ్ల గేటు ముందు వెలుగుతాయి. ‘మూడో వార్డు, మారెమ్మ గుడి నుంచి కాలనీ బోరు వరకు ఆరు స్తంభాలకు ఆరు ఎల్‌ఈడీ దీపాలు, ఇంత అంచనా, ఫలానా నిధి’ అని రాయించు. చోటు, సంఖ్య, మొత్తం, నిధి ఈ నాలుగూ లేనిదాన్ని తీర్మానం అనుకోవద్దు.

నిధుల సంగతి తెలియకపోతే రచ్చకట్ట మీద నిన్ను ఆడిస్తారు. కేంద్రం నిధుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పెట్టిన లెక్క ప్రకారం, వచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి ఉండేది. మిగతా 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేది, అందులోనూ జీతాలకు వాడనిచ్చేవారు కాదు. అంటే పది లక్షలొస్తే ఆరు లక్షలు నీళ్లకు, శుభ్రతకు చెరి సగం, నాలుగు లక్షలు మిగతా పనులకు. ఆ పదీ సిమెంటు రోడ్డుకే పెట్టమని గుంపు వచ్చినప్పుడు ‘వద్దు’ అని గొంతు పెంచక్కర్లేదు, ఆ ఏటి లెక్క చెప్పు. ఆర్థిక సంఘం మారినప్పుడు శాతాలూ మారతాయి. ప్రతి ఏప్రిల్‌లో ఆ ఏటి ఉత్తర్వు నకలు కార్యదర్శి దగ్గర అడిగి తీసుకో.

గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టాలి. పెట్టకపోతే సర్పంచి పదవికే ముప్పని మన పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. కాబట్టి కార్యదర్శి ‘కాగితం మీద అయిపోయిందమ్మా’ అంటే ఊరుకోవద్దు. ఆడవాళ్లు రారు అంటారు. పొద్దున పదకొండుకు పెడితే ఎట్లొస్తారు? ఆ వేళకు పొలంలోనో ఉపాధి పనిలోనో ఉంటారు. శెనక్కాయ పీకే రోజుల్లో అసలు పెట్టొద్దు. సాయంత్రం పాలు పోసి వచ్చాక, వంటకు కూర్చునేలోపు గంటన్నర దొరుకుతుంది. అది చూసుకో.

గ్రామసభకు వారం ముందు మహిళా సభ పెట్టు. పిలవడానికి దండోరా కంటే పొదుపు సంఘాలు మేలు. ఆ సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం నెల సమావేశానికి నువ్వే పోయి కింద చాప మీద కూర్చో. అక్కడ ‘మీకేం కావాలమ్మా?’ అని మాత్రం అడగొద్దు. అడిగితే ఇల్లు, పింఛను అని చెప్పి మౌనంగా ఉంటారు, నీ చేతిలో లేనివే అవన్నీ. ‘నీళ్లకు రోజుకెన్నిసార్లు పోతారు? చీకటి పడితే ఏ దారిలో నడవడానికి భయం? అంగన్‌వాడీ తలుపు ఎన్నింటికి తీస్తారు? బడికి పోయే పిల్ల ఎందుకు మానేసింది?’ అని అడుగు. జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకో. అవే తర్వాత గ్రామ ప్రణాళికలోకి పోవాలి. ఆ ప్రణాళికకు కేంద్రం పెట్టిన తొమ్మిది అంశాల్లో చివరిది మహిళలకు అనుకూలమైన గ్రామం. ఊర్లు దాన్ని ‘ఒక కుట్టు మిషను శిక్షణ’ అని రాసి ముగించేస్తాయి. అట్లా వదిలేయొద్దు. రాత్రి ఏడుకు టార్చి పట్టుకుని ఇద్దరు మెంబరమ్మలతో వీధులన్నీ నడిస్తే ఆ అంశం కింద రాయాల్సింది నీకే కనపడుతుంది. ఎస్సీ కాలనీలో మాత్రం విడిగా ఒక సభ పెట్టు, రచ్చకట్ట దగ్గరికి రమ్మంటే రాని మాటలు అక్కడ వస్తాయి.

మొదటి మూడు నెలల్లో ఒక్క పని పట్టుకోమంటే నీళ్ల ట్యాంకు పట్టుకో. ఆడవాళ్లందరికీ కనపడేది, ఎవరూ కాదనలేనిది అదే. ట్యాంకు కడిగిన తేదీ గోడ మీద రాయించు. బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు సుమారు నాలుగు గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి. పంపు ఆపరేటరు పిడికిలితో తీసి పొడిగా చల్లేస్తే ఒకచోట ఘాటు, ఇంకోచోట ఏమీ ఉండదు. అరగంట ఆగాకే నీళ్లు వదలాలి. పరీక్ష ట్యాంకు కింద కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర చేయాలి, అక్కడ క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలి. మన ఎండలకు మూతి విప్పిన సంచిలో పొడి సత్తువ పోతుంది, అందుకని చిన్న సంచులు కొనిపించి నీడలో పెట్టించు. బోరు నీళ్లలో ఫ్లోరైడు వేరే సంగతి. అది బ్లీచింగ్‌తో పోదు, కాచినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందంటే ఆ బోరు తాగడానికి వద్దని బోర్డు పెట్టించి, వేరే నీళ్ల కోసం గ్రామీణ నీటి సరఫరా వాళ్లకు రాయి.

అల్లుడి సంగతి. తగవు పెట్టుకోమని చెప్పను. ఆయన బండి మీద తీసుకుపోతాడు, నలుగురితో మాట్లాడతాడు, మంచిదే. కానీ ఆఫీసులో నీ కుర్చీ పక్క కుర్చీ ఆయనది కాదు. అధికారి ఆయన వైపు తిరిగి మాట్లాడితే మధ్యలో ఆపి మాట అనక్కర్లేదు, ‘ఆ కాగితం ఇటివ్వండి సార్, చదువుతాను’ అని చేయి చాపు. కాగితం ఎవరి చేతిలో ఉంటే చూపు అటు తిరుగుతుంది. తెలియనిదాన్ని ‘చూసి రేపు చెప్తాను’ అను, ‘ఇంటికి పోయి ఆయన్నడిగి చెప్తాను’ అనొద్దు. ఇంట్లో కూడా ముందే మాట్లాడుకో: సమావేశం రోజు పాలెవరు పిండాలి, పిల్లలకు అన్నమెవరు పెట్టాలి అని. మీ అత్తగారితో ఈ మాట నువ్వే చెప్పు, అల్లుడితో చెప్పించొద్దు.

భయపెట్టేవాళ్లుంటారు. ‘అవిశ్వాసం పెడతాం’ అంటే నవ్వు. నిన్ను ఊరు నేరుగా ఎన్నుకుంది, అది ఉపసర్పంచి మీద పెట్టేది. నిన్ను తీసేయగలిగేది కలెక్టరు, అదీ కారణం చూపి, నీ జవాబు విన్నాకే. నీ పక్క ఊరి సర్పంచమ్మ ఎస్సీ కదా, ఆమెకు ఇదీ చెప్పు: ఎస్సీ, ఎస్టీ సర్పంచిని ఆ వర్గాలకు చెందనివాళ్లు పని చేయనీకుండా బెదిరించినా అడ్డుకున్నా 1989 నాటి అత్యాచార నిరోధక చట్టం కింద నేరమే, 2015 సవరణలో విడిగా రాశారు. కుర్చీలో కూర్చోనీకపోయినా నోటితో గొడవ పడకుండా తేదీ, టైము, ఉన్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకోమను. ఫిర్యాదులో పనికొచ్చేది అదే.

శాసనసభల్లో, లోక్‌సభలో ఆడవాళ్లకు మూడో వంతు అని 2023లో చట్టమైతే వచ్చింది గానీ, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయితే గానీ అమలు కాదు. పంచాయతీల్లో మాత్రం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఉంది, మన రాష్ట్రంలో అది సగం. కాబట్టి నీ వార్డు మెంబర్లలోనూ సగం మంది ఆడవాళ్లే ఉంటారు. వాళ్లను సంతకాలకే పిలవొద్దు. ఒకరికి నీళ్లు, ఒకరికి దీపాలు, ఒకరికి అంగన్‌వాడీ అప్పజెప్పి, నెల సమావేశంలో వాళ్లచేతే చెప్పించు. రిజర్వేషను మారుతూ ఉంటుంది, వచ్చేసారి జనరల్ కావచ్చు. జనరల్ సీటులో ఆడది నిలబడకూడదని ఏ చట్టంలోనూ లేదు, కానీ నిలబడే మనిషి అప్పటికి తయారై ఉండాలి.

సోమవారాలు కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. పోతే రసీదు నంబరు లేకుండా తిరిగి రావొద్దు.

ఈ వారంలోనే పంచాయతీ ఆఫీసుకు పోయి పాత మినిట్స్ పుస్తకం తెప్పించుకుని చివరి పేజీ తెరువు. సంతకాల పైన ఖాళీ ఉంటే, నువ్వు సంతకం పెట్టకముందే కార్యదర్శి చేత గీత కొట్టించు.

మీ పెద్దమ్మ