చీనీ తొక్క నుంచి నూనె, పెక్టిన్: హెక్సేన్ లేకుండా ఎలా?

అనంతపురం దగ్గర జ్యూస్ యూనిట్‌లో మిగిలే చీనీ (బత్తాయి) తొక్క నుంచి హెక్సేన్ (నూనెలు తీసే పెట్రోలియం సాల్వెంట్) ముట్టకుండా, ‘గ్రీన్’ పద్ధతిలో నూనె, పెక్టిన్ (జామ్‌ను గట్టిపరిచే పదార్థం) తీయొచ్చా అని అడిగారు. తీయొచ్చు. అసలు ఇక్కడ హెక్సేన్ పనికిరాదు. తడి తొక్కలో మూడొంతులకు పైగా నీళ్లే, హెక్సేన్ నీళ్లలో కలవదు, ముక్క లోపలికి దిగదు. నీళ్లు, సిట్రిక్ యాసిడ్, ఆల్కహాల్ చాలు. కాకపోతే వరుస తప్పకూడదు: ముందు నూనె, ఆ తర్వాతే పెక్టిన్.

తొక్కను సెంటీమీటరు ముక్కలుగా కోసి, జల్లెడ పళ్లెం మీద పరిచి, కింది నుంచి ఆవిరి పంపండి. పేస్ట్ చేస్తే ఆవిరికి దారి ఉండదు. నీళ్లలో వేసి ఉడికిస్తే పెక్టిన్ కొంత ఆ నీళ్లలోకే పోతుంది. నూనెలో ముఖ్యమైన లిమోనీన్ విడిగా 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆవిరితో కలిస్తే 100 లోపే వచ్చేస్తుంది. 100 కిలోల తొక్కకు అరకిలో వస్తే మేలే. రసం యంత్రం తొక్కను నలిపేసే రకమైతే అదీ రాదు. వేడికి పెక్టిన్‌ను పాడుచేసే ఎంజైములు కూడా చస్తాయి కాబట్టి పిండిన రోజే ఆవిరి పట్టండి. మన ఎండల్లో రాత్రంతా కుప్పగా ఉంచిన తొక్క పొద్దుటికి పులిసిపోతుంది.

మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే వేడిగా ఉంటాయి. వాటినే కండెన్సర్‌కు (ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే గొట్టానికి) పెడితే నూనె ఆవిరిగానే జారిపోతుంది. బయటికొచ్చే నీరు 35 డిగ్రీలు దాటకుండా చూడండి. పైన తేలిన నూనెను స్టీలు డబ్బాలో మూత దాకా నింపి, చీకట్లో పెట్టండి. గాలి తగిలితే ఆక్సీకరణ చెంది చర్మానికి దురద తెస్తుంది. థర్మోకోల్‌నయితే కరిగించేస్తుంది, గ్రీజు వదలగొట్టే సాల్వెంట్‌గా దానికి గిరాకీ ఉన్నది అందుకే.

ఇక పెక్టిన్. ఆవిరి పట్టిన తొక్కను నీళ్లతో రెండుసార్లు కడిగి చక్కెర వదిలించండి, లేకపోతే పొడి గోధుమ రంగుకి తిరిగి అంటుకుంటుంది. తర్వాత 100 కిలోల తొక్కకు 250 లీటర్ల నీళ్లలో, లీటరుకు సుమారు 30 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి, పీహెచ్ 2కి తెచ్చి, 85 డిగ్రీల దగ్గర గంట సేపు కలుపుతూ ఉంచండి. గంటన్నర దాటినా, 90 డిగ్రీలు దాటినా పెక్టిన్ అణువుల గొలుసులు తెగి జెల్ బలం పడిపోతుంది. ఇక్కడ ఆర్ఓ నీళ్లే వాడండి. మన బోరు నీళ్లలోని కాల్షియం పెక్టిన్‌ను తొక్కలోనే పట్టేస్తుంది, బైకార్బొనేట్ యాసిడ్‌ను మింగేస్తుంది.

వేడిగా ఉండగానే గుడ్డలో వడగట్టి, 60 డిగ్రీల లోపు వాక్యూమ్‌లో మూడో వంతుకు దించండి. ఇది ఖర్చు అనిపించినా వదలొద్దు, ఇందువల్లే ఆల్కహాల్ మూడో వంతుతో సరిపోతుంది. పూర్తిగా చల్లారాక అలా మిగిలిన 80 లీటర్ల పెక్టిన్ రసానికి 160 లీటర్ల 95 శాతం ఆల్కహాల్ సన్నధారగా పోస్తూ కలపండి. చివరికి ఆల్కహాల్ 60 శాతం పైన ఉండాలి. తక్కువైతే పీచులా విడిపోదు, జిగురులా మిగిలి గుడ్డను మూసేస్తుంది. గంట తర్వాత పిండి, 70 శాతం ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగి, 50–55 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. మూడు నాలుగు కిలోలు చేతికొస్తాయి.

యూనిట్ నిలబడేదీ మునిగేదీ ఆల్కహాల్ తిరిగి పట్టుకోవడంలోనే. మరిగిస్తే 78 డిగ్రీల దగ్గర 95 శాతం బలంతో వెనక్కి వస్తుంది, అంతకన్నా శుద్ధి అక్కర్లేదు. స్పిరిట్‌కు (ఇథైల్ ఆల్కహాల్‌కు) ఎక్సైజ్ అనుమతి తెచ్చుకోవాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఆ బాధ లేదు, కానీ అది సుమారు 88 శాతం దగ్గరే ఆగిపోతుంది. ‘గ్రీన్’ అన్నారు కదా అని మంట దగ్గర పెట్టకండి. రెండింటి ఆవిరీ గాలి కన్నా బరువు, నేల వెంట పాకుతుంది. కట్టెల పొయ్యి కాదు, ఆవిరి జాకెట్, ఫ్లేమ్‌ప్రూఫ్ మోటార్లు పెట్టుకోండి.

మిగిలిన పిప్పికి సున్నం కలిపి పులుపు చంపి గోబర్ గ్యాస్‌లో వేయొచ్చు. నూనె తీయని తొక్క మాత్రం వేయకండి, లిమోనీన్‌కు గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు చచ్చి ట్యాంకు ఆగిపోతుంది.