‘కరెంటు ఆదా’ అని అమ్మిన మినీ ఫ్రిజ్: ఫిర్యాదు నిలుస్తుందా?

సందేహం: కంప్రెసర్ లేకుండా థర్మోఎలక్ట్రిక్ పద్ధతిలో పనిచేసే చిన్న ఫ్రిజ్ కొన్నాను. పెట్టె మీద ‘60 వాట్లు మాత్రమే, మామూలు ఫ్రిజ్ కన్నా కరెంటు ఆదా’ అని ఉంది. అది రాత్రింబవళ్లు ఆగకుండా నడుస్తోంది, బిల్లు పెరిగింది. విక్రేత మాత్రం వస్తువులో లోపమేమీ లేదంటున్నారు. నాకు చట్టపరంగా దారి ఉందా?

సమాధానం: ఉంది. అయితే మీ ఫిర్యాదు పెట్టె మీది రెండు మాటల్లో మొదటిదాని మీద కాక రెండోదాని మీద నిలబడాలి. 60 వాట్లన్నది నిజమే కావచ్చు. కానీ ఆ లెక్కన ఆగకుండా నడిచే ఫ్రిజ్ రోజుకు 1.44 యూనిట్లు, ఏడాదికి సుమారు 525 యూనిట్లు వాడుతుంది. స్టార్ లేబుల్ ఉన్న పెద్ద కంప్రెసర్ ఫ్రిజ్‌లు అనేకం ఏడాదికి 200 యూనిట్లలోపే వాడతాయి. ఈ ఫ్రిజ్‌ను చల్లబరిచే భాగమైన పెల్టియర్ మాడ్యూల్‌లో కరెంటు వల్ల పుట్టే వేడిలో దాదాపు సగం చల్లని వైపుకే చేరడం, వేడి వైపు నుంచి కూడా కొంత వెనక్కి పాకడం ఇందుకు కారణాలు. ఇది ఆ పద్ధతికి సహజమైన పరిమితి కాబట్టి, ‘లోపం’ అని వాదిస్తే విక్రేతకే బలం చిక్కుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం, వస్తువుకు లేని పనితీరును లేదా ప్రయోజనాన్ని ఉన్నట్టు చెప్పడం అనుచిత వాణిజ్య విధానం. తగిన పరీక్ష లేకుండా పనితీరుకు హామీ ఇవ్వడమూ దాని కిందికే వస్తుంది. పరీక్ష జరిపామని వాదించేవారే దాన్ని రుజువు చేయాలి. మీ కేసుకు అసలైన బలం ఇదేనని నా అభిప్రాయం.

చల్లదనం విషయంలో మాత్రం తొందరపడకండి. ఈ ఫ్రిజ్‌లు సాధారణంగా పరిసరాల కన్నా 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. మాన్యువల్‌లో ఆ మాట స్పష్టంగా ఉంటే, గది 38 డిగ్రీలున్నప్పుడు లోపల 20 డిగ్రీలుండటం మీద ఫిర్యాదు నిలవదు. ఎంత ఎండలోనైనా 5 డిగ్రీలకు చల్లబరుస్తుందని ప్రకటించి ఉంటే, ఆ అంశాన్నీ తప్పక చేర్చండి.

పెట్టెను పారేయకండి. కొనుగోలు బిల్లును, ప్రకటన స్క్రీన్‌షాట్‌ను భద్రపరచి, ప్లగ్‌కు తగిలించే ఎనర్జీ మీటరుతో 24 గంటల వాడకం నమోదు చేసి, రీడింగును తేదీతో ఫొటో తీయండి. ఇంటి కరెంటు బిల్లు పెరుగుదల ఒక్కటే సాక్ష్యంగా చాలదు, ఎందుకంటే దానికి వేరే కారణాలూ చూపవచ్చు. అవసరమైతే అదే చట్టంలోని సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపించగలదు.

ముందుగా విక్రేతకూ తయారీదారుకూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు ఆధారమైన ఘటన) ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలే గడువు కనుక, విక్రేత నోటిమాట హామీలను నమ్మి ఆ కాలాన్ని పోగొట్టుకోకండి.