తేనెటీగ విషం క్యాన్సర్‌కు మందా?

ప్రశ్న: పొద్దుతిరుగుడు చేల పక్కన 40 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాను. ఈగ విషానికి రొమ్ము క్యాన్సర్ కణాలు గంటలో చచ్చిపోతాయని ఫోన్‌లో వీడియో వచ్చింది. మా వదినగారు ఆ జబ్బుకే కీమో చేయించుకుంటున్నారు. రోజుకు రెండు ఈగలతో కుట్టించవచ్చా? విషం తీసే పరికరం కొంటే గిట్టుబాటు అవుతుందా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: దయచేసి కుట్టించకండి. ఆ వీడియో పూర్తిగా కట్టుకథ కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్న హ్యారీ పెర్కిన్స్ వైద్య పరిశోధన సంస్థలో సియారా డఫీ బృందం 312 తేనెటీగలు, బంబుల్‌బీలు అనే మరో రకం ఈగల నుంచి విషం తీసి, మొండిదిగా పేరుపడ్డ ట్రిపుల్ నెగటివ్ రకంతో సహా రొమ్ము క్యాన్సర్ కణాలపై పరీక్షించి, 2020లో ఫలితాలు ప్రచురించింది. ఒక నిర్ణీత గాఢతలో తేనెటీగ విషం ఆ కణాలను గంటలోపే చంపింది. బంబుల్‌బీ విషానికి ఆ గుణం కనిపించలేదు. ఎండిన తేనెటీగ విషంలో దాదాపు సగం ఉండే మెలిటిన్ అనే పదార్థం కణం పైపొరకు చిల్లులు పెట్టడమే కాక, కణాన్ని పెరగమని పురిగొల్పే సంకేతాలను కూడా అడ్డుకుంటుంది.

అయితే ఇదంతా ప్రయోగశాల గిన్నెల్లోని కణాల మీద, ఆపైన ఎలుకల మీద తేలిన విషయం. మెలిటిన్ ఎర్ర రక్తకణాలకూ చిల్లులు పెట్టగలదు కాబట్టి దాన్ని కణితి వరకే చేర్చే మార్గం వెతుకుతున్నారు. చేతి మీద ఈగ కుట్టినంత మాత్రాన కణితి దగ్గర ఆ గాఢత రాదు. పైగా ప్రాణాపాయం ఉంది: స్పెయిన్‌లో రెండేళ్లుగా ఈగలతో కుట్టించుకుంటున్న ఒక మహిళ, అంతకుముందు ఏ ఇబ్బందీ లేకపోయినా, ఒకనాడు తీవ్ర అలర్జీకి గురై మరణించినట్లు 2018లో వైద్యులు నివేదించారు. కీమోలో ఉన్న మనిషికి ఇలాంటి ప్రయోగం అసలే తగదు. వదినగారి చికిత్స విషయం ఆమె క్యాన్సర్ వైద్యులకే వదిలేయండి.

ఇక పరికరం సంగతి. పెట్టె ముందు గాజు పలక పరచి, దాని మీది సన్నని తీగల్లో స్వల్ప విద్యుత్తు పంపితే, ఈగలు రేగి పలకను కుడతాయి. గాజులో ముల్లు దిగదు కనుక ఈగ చావదు. పలకపై ఎండిన విషాన్ని బ్లేడుతో గీకి తీయాలి. ఒక గ్రాము పోగవ్వాలంటే వేలకు వేలు కాట్లు కావాలి. ఆ పొడి గొంతు, కళ్లు మండిస్తుంది. ఈగలు కొన్నాళ్లు చిరాకుగా ఉండి, దారిన పోయేవారినీ వదలవు. పరికరం అమ్మేవారు చెప్పని మాట ఇంకొకటి ఉంది: పెర్త్ పరిశోధనలో కృత్రిమంగా తయారుచేసిన మెలిటిన్ కూడా దాదాపు అంతే బాగా పనిచేసింది. రేపు మందు వచ్చినా అది ఫ్యాక్టరీలో తయారయ్యే అవకాశమే ఎక్కువ, మీ పెట్టెల అవసరం రాకపోవచ్చు. కొనుగోలుదారు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ ఖర్చు పెట్టుకోవద్దు. పూత మీదున్న పొద్దుతిరుగుడుకు మీ ఈగల వల్ల పెరిగే గింజకట్టు నాకు ఇంతకంటే నమ్మకమైన ఆదాయంగా కనిపిస్తోంది.

పెట్టెల దగ్గర ఎవరినైనా ఈగ కుడితే, విషపు తిత్తి ముల్లుతోపాటు చర్మంలోనే ఉండి ఇంకా విషం ఎక్కిస్తుంది కాబట్టి, క్షణం ఆలస్యం చేయకుండా గోటితో గీరి తీసేయండి. ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి.