టెక్ సందేహాలు: లాగ్ గ్రాఫులో సున్నా ఎక్కడికి పోయింది?

ప్రశ్న: గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార రోజువారీ ప్రవాహానికి ప్రాజెక్టు కోసం గ్రాఫు గీస్తున్నాను. వరదలప్పుడు వేల క్యూసెక్కులు, వేసవిలో కొన్ని రోజులు సున్నా. షీటులో కొన్నిచోట్ల 0, కొన్నిచోట్ల గీత (-), కొన్ని ఖాళీ గడులు ఉన్నాయి. లాగ్ స్కేలు పెట్టగానే సున్నా రోజులు మాయం. ఎవరో వీడియోలో చెప్పారని సున్నా బదులు 0.0001 వేశాను. సరేనా? – ఇంజినీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: సరి కాదు. ఈ 0.0001 చిట్కా ఎవరు మొదలుపెట్టారో గానీ, దాని మీద ఉత్తరాలు ఆగడం లేదు. లాగ్ స్కేలులో ఒక్కో గడి పది రెట్లు. కిందికి ఎన్ని గడులు దిగినా పదో వంతు అవుతుందే గానీ సున్నా రాదు, అందుకే దానికి అక్కడ చోటు లేదు. 1 నుంచి 1,00,000 దాకా ఐదు గడులు చాలు. మీ 0.0001 వల్ల కింద ఇంకో నాలుగు పుట్టుకొచ్చాయి. అంటే దాదాపు సగం గ్రాఫులో నదే లేదు! 0.01 వేసి ఉంటే గీత రెండు గడులే దిగేది. ఆ లోతు వంశధారది కాదు, మీరు ఎంచుకున్న అంకెది.

అన్నిటికీ 1 కలిపేయమనే వాళ్లూ ఉన్నారు. 5,000కి కలిపితే తేడా తెలియదు. 0.2, 0.02 మాత్రం 1.2, 1.02 అయిపోయి ఒకేచోట కుప్పపడతాయి.

మాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) వాడితే సిమ్‌లాగ్ అనే స్కేలు ఉంది: సున్నా దగ్గర మామూలు స్కేలు, హద్దు దాటాక లాగ్. ఆ హద్దు ఎంత పెట్టారో గ్రాఫు కిందే రాయండి. నన్నడిగితే అడుగున విడిగా సన్నటి పట్టీ గీసి, '0' అని రాసి, ఎండిన రోజుల్ని అందులో చుక్కలుగా పెట్టడమే మేలు. ఇంకో మాట. మీ షీటులో కొన్నిచోట్ల 0, కొన్నిచోట్ల గీత, కొన్ని ఖాళీ గడులు ఉన్నాయన్నారు. నీళ్లు లేకపోవడం వేరు, ఆ రోజు కొలవకపోవడం వేరు. లెక్కలు ఇచ్చినవాళ్లనే అడిగి తేల్చుకోండి.

ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే ప్రోగ్రామే నయం. చెప్పాపెట్టకుండా సున్నాల్ని మింగేసి, అటూఇటూ ఉన్న చుక్కల్ని గీతతో కలిపేసే రకం ఉంది చూశారూ, దానితో వారమంతా ఎండిన నది కూడా పారినట్టే కనిపిస్తుంది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రంగులు మారుస్తారు, ఒక్క హెచ్చరిక పెట్టడానికి మాత్రం తీరిక ఉండదు.

ప్రశ్న: ఉద్దానం పల్లెల మూత్ర పరీక్షల్లో అల్బుమిన్ (కిడ్నీ జబ్బు పసిగట్టడానికి చూసే ప్రొటీన్) కొందరికి సున్నా వచ్చింది. లాగ్ గ్రాఫు ఉన్న స్లైడు పంపుతున్నాను, చూడండి. – విజయనగరం పాఠకురాలు

జవాబు: ఇక్కడ సున్నా అంటే చాలావరకు 'మిషను పట్టుకోలేనంత తక్కువ' అని. ఆ కనీస పరిమితి ఎంతో ల్యాబునడిగి, అక్కడే కింది బాణం గుర్తుతో చూపండి.

గ్రాఫు సంగతి అలా ఉంచండి. మీ స్లైడులో గ్రాఫు మీద నొక్కి డేటా తెరిస్తే ఎక్సెల్ ఫైలు మొత్తం నా ముందుకొచ్చింది: పేర్లు, ఊళ్లు, ఫోను నంబర్లు, ఆధార్ సహా. గ్రాఫును ఎంబెడ్ పద్ధతిలో అతికిస్తే వెనక వర్క్‌బుక్కంతా వెంట వస్తుంది, గ్రాఫుతో సంబంధం లేని షీట్లతో సహా. కాలమ్ హైడ్ చేశాను కదా అంటారేమో. హైడ్ చేసింది ఎవరైనా రెండు నొక్కుల్లో బయటికి తీస్తారు. షీటు ప్రొటెక్షన్ ఉన్నది పొరపాటున అంకెలు చెరిగిపోకుండా ఉండటానికి, రహస్యం దాచడానికి కాదు. ఉచితంగా గ్రాఫు గీసిపెట్టే సైట్లకు ఇదే ఫైలు ఎక్కించేవాళ్లని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. కిడ్నీ జబ్బు ఉందో లేదో తెలిపే జాబితా అది, సరుకుల చీటీ కాదు.

గ్రాఫును పిక్చర్‌గానే అతికించండి. పేర్లు, నంబర్లు తీసేసి, అంకెలు మాత్రమే ఉన్న కొత్త ఫైలులో పని చేయండి. మీ మెయిలు నేను చెరిపేశాను. సెంట్ ఫోల్డరులోది మీరు తీసేయండి. ఆ స్లైడు ఇంకెవరెవరికి వెళ్లిందో వాళ్లకు ఈరోజే ఫోను చేసి తీసేయమనండి.