బావకు రెండుసార్లు ట్రయల్ పడితే మోసమేనా?

దసరా రాత్రి హన్మకొండలో తీన్ పత్తి (మనిషికి మూడు ముక్కల పేకాట) ఆడితే మీ బావకు రెండుసార్లు ట్రయల్, అంటే మూడూ ఒకే విలువ ముక్కలు, పడిందని, అది మోసమేనా అని అడిగారు కదా అన్నా. 52 ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చు. అందులో ట్రయల్స్ 52, అంటే 425కి ఒకటి. మీరు ఆరుగురు 70 ఆటలు ఆడారన్నారు, మొత్తం 420 పంపకాలు. ఒక ట్రయల్ పడటం మామూలే. ఒకరికే రెండు పడటం అరుదు: ముందే బావ పేరు చెప్తే నూటికి ఒకటి, ఆరుగురిలో ఎవరికైనా అంటే నూటికి ఏడు. ఇంతమాత్రానికే ఇంటి మనిషిని దొంగ అనడం అన్యాయం. నేనైతే పంపకం చూస్తాను. షో అయ్యాక, అంటే ముక్కలు తిప్పి చూపాక, ఒకేచోట పడ్డ ఒకే విలువ ముక్కలు సరిగ్గా కలపకపోతే పక్కపక్కనే ఉంటాయి, మూడేసి పంచితే ఒకరికే పోతాయి. బాగా కలిపి ఒక్కొక్క ముక్కే వేయండి.