ఆఫీసు ఉత్తరంలో ఫ్రేజల్ వెర్బ్స్ రాయొచ్చా?

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతూ, మరోపక్క ఇంగ్లిష్ సామర్థ్యాన్ని పరీక్షించే ఐఈఎల్‌టీఎస్‌కీ సిద్ధమవుతున్నాను. ఉత్తరంలో ఫ్రేజల్ వెర్బ్ ఒక్కటి కనిపించినా మార్కులు పోతాయని కోచింగ్‌లో సార్ అన్నారు. ఐఈఎల్‌టీఎస్ చెప్పే మేడమ్ మాత్రం ఎన్ని వాడితే అంత మంచిదంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక పెన్ను పట్టుకుంటేనే టెన్షన్‌గా ఉంటోంది. వీధి దీపాల గురించి మున్సిపల్ కమిషనర్‌కి రాసినట్టుగా నేను ప్రాక్టీస్ చేసిన ఉత్తరం పంపుతున్నాను, చూడగలరు.
- ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం ఉందమ్మా. క్రియకు 'అప్', 'ఆఫ్', 'ఇంటూ' లాంటి చిన్న మాట చేరి వేరే అర్థమిచ్చేవే ఫ్రేజల్ వెర్బ్స్. అధికారిక రాతలో ఫ్రేజల్ వెర్బ్స్‌కి నిషేధమేమీ లేదు. మన రాజ్యాంగమే చూడండి. వృత్తి, వ్యాపారాలు చేసుకునే హక్కునిచ్చే 19(1)(జి) అధికరణంలో 'క్యారీ ఆన్' ఉంది. ప్రాథమిక హక్కుల్ని హరించే చట్టాలు చేయకూడదని చెప్పే 13(2)లో 'టేక్స్ అవే' ఉంది. పైకోర్టు కింది కోర్టు తీర్పును కొట్టేస్తే 'సెట్ అసైడ్' అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 'లే ఆఫ్'కి విడిగా నిర్వచనమే ఇచ్చింది. ఆదాయపు పన్ను లెక్కల్లో నష్టాన్ని తర్వాతి సంవత్సరాలకు 'క్యారీ ఫార్వర్డ్' చేసి, లాభంలో 'సెట్ ఆఫ్' చేసుకుంటారు. ఇవన్నీ ఖరారైపోయిన మాటలు. వీటిని తీసేసి గంభీరంగా ఉంటుందని ఇంకో మాట పెడితే అర్థమే మారిపోతుంది.

మరి మీ సార్ భయం ఎక్కడి నుంచి వచ్చింది? 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచి, లాటిన్ రాజ్యమేలాయి. కోర్టు వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని చట్టం రావడానికి 1362 దాకా పట్టింది. అందుకే ఆ భాషల నుంచి వచ్చిన 'పోస్ట్‌పోన్', 'టాలరేట్', 'ఎగ్జామిన్' లాంటివి కాగితం మీద పెద్దరికంగా కనిపిస్తాయి. 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్' లాంటివి ఇంట్లో మాట్లాడుకునేవిగా మిగిలాయి. అర్జీ, దస్తావేజు, జమాబందీ అనే పార్శీ, ఉర్దూ మాటలు మన రెవెన్యూ కాగితాల్లో పాతుకుపోయినట్టే ఇదీనూ. తేడా ఉన్నమాట నిజమే. దాన్ని మార్కుల కోత దాకా లాగడమే సరికాదు.

ఇక మీ ఉత్తరం. మీరు ఇలా రాశారు: 'ది వర్క్ వాజ్ పుట్ ఆఫ్ మెనీ టైమ్స్ అండ్ వీ ఆర్ ఫెడప్. ప్లీజ్ లుక్ ఇంటూ ది మ్యాటర్, సార్ట్ ఇట్ ఔట్ అండ్ గెట్ బ్యాక్ టు అస్.' ఇందులో 'లుక్ ఇంటూ ది మ్యాటర్' భేషుగ్గా ఉంది, దాన్ని కదపకండి. వినతిపత్రాల్లో దశాబ్దాలుగా నడుస్తున్న మాట అది. 'పుట్ ఆఫ్' బదులు 'పోస్ట్‌పోన్డ్' అంటే బాగుంటుంది. అయితే అక్కడ అసలు లోపం 'మెనీ టైమ్స్'. ఏయే తేదీలకు వాయిదా వేశారో రాస్తే కమిషనర్ ఆఫీసులో ఎవరైనా ఫైలు తీసి చూడగలరు. 'ఫెడప్' తీసేయండి. విసుగును చెప్పడం కన్నా, చీకట్లో పడి ఎవరికైనా దెబ్బలు తగిలితే ఆ సంగతి రాయడం మేలు. 'సార్ట్ ఇట్ ఔట్' అంటే ఏం చేయమని? దీపాలు బాగుచేయమనే కదా. అప్పుడు 'క్యారీ ఔట్ ది రిపేర్స్' అనండి. అదీ ఫ్రేజల్ వెర్బే, కానీ ఏ పని కావాలో తేల్చి చెబుతుంది. 'గెట్ బ్యాక్ టు అస్' స్నేహితులకు రాసేది. ఇక్కడ 'ఇన్ఫార్మ్ అస్ ఆఫ్ ది యాక్షన్ టేకెన్' అని ముగించండి.

ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడానికి నేను రెండే చూస్తాను. ఆ ఆఫీసువాళ్లు తమ కాగితాల్లో ఆ మాట వాడుతున్నారా? చదివేవాళ్లకు దానికి ఒకే అర్థం తడుతుందా? రెండింటికీ అవునంటే ఉంచేయండి.

రేపు ఉద్యోగం వచ్చాక మీరు రోజూ చూసేవీ ఇవే. సంజాయిషీ అడిగితే 'కాల్ ఫర్', బాధ్యతలు అప్పగిస్తే 'హ్యాండ్ ఓవర్', స్వీకరిస్తే 'టేక్ ఓవర్', వసూలు కాని బాకీని లెక్కల్లోంచి తీసేస్తే 'రైట్ ఆఫ్'. ఫైలు పై అధికారి ముందుంచితే 'పుట్ అప్'. ఈ చివరిదానితో కాస్త జాగ్రత్త. మన సచివాలయంలో అటెండర్ నుంచి కార్యదర్శి దాకా అందరికీ తెలిసిన మాటే అయినా బ్రిటన్‌లో ఎవరికైనా రాస్తే తికమకపడతారు. వాళ్లకు 'పుట్ అప్' అంటే గోడకు బోర్డు పెట్టడమో, చుట్టాన్ని ఇంట్లో ఉంచుకోవడమో. విదేశీ యూనివర్సిటీకి రాసేటప్పుడు 'సబ్మిట్' అనడమే క్షేమం.

నిజానికి మార్కులు పోయేది ఇంకోచోట. 'ది మ్యాటర్ విల్ బి లుక్డ్' అని ఆపేస్తారు. ప్యాసివ్‌లోకి మార్చినా చివర 'ఇంటూ' ఉండి తీరాలి. 'ది కంప్లెయింట్ వాజ్ డెల్ట్ విత్'లో 'విత్' కూడా అంతే. తెలుగులో క్రియతోనే వాక్యం ముగించడం మనకు అలవాటు కాబట్టి చివర ఆ చిన్న మాట చేయి జారిపోతుంది. 'సెట్ ఇట్ అసైడ్' అనాలి, 'సెట్ అసైడ్ ఇట్' తప్పు. 'లుక్ ఇంటూ ఇట్' మాత్రం విడదీయకూడదు. ఇక అవసరం లేనిచోట తగిలించేవి: 'డిస్కస్ అబౌట్', 'కోప్ అప్ విత్', 'రిటర్న్ బ్యాక్'. ఇవి మన పేపర్లలో ఎంతగా కనిపిస్తాయంటే దిద్దేవాళ్లకు కంఠతా వచ్చేసి ఉంటాయి. 'డిస్కస్', 'కోప్ విత్', 'రిటర్న్' అంటే చాలు. 'ఫాలో అప్' క్రియగా రాసేటప్పుడు రెండు మాటలు, నామవాచకమైతే మధ్యలో హైఫన్ పెట్టండి.

గ్రూప్-1లో జనరల్ ఇంగ్లిష్ 150 మార్కుల అర్హత పేపర్. ర్యాంకులో కలవదు కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఇందులో అర్హత రాకపోతే మిగతా పేపర్ల కష్టం వృథా. ప్రెసీలో (ఇచ్చిన భాగాన్ని కుదించి రాయడంలో) మాత్రం ఫ్రేజల్ వెర్బ్స్‌ని మార్చడం నేరుగా కలిసొస్తుంది: 'పుట్ అప్ విత్' మూడు పదాలు, 'టాలరేట్' ఒక్కటే. పదాల పరిమితి ఉన్నచోట అది లాభమే. అలాగని 'ఫైండ్ ఔట్' కనిపించిన ప్రతిచోటా 'అసర్టెయిన్' కుక్కకండి. ఇంగ్లిష్ పుట్టిన దేశంలోనే ప్రభుత్వ వెబ్‌సైట్ రచనా నియమాలు 'పర్చేజ్' బదులు 'బై', 'అసిస్ట్' బదులు 'హెల్ప్' రాయమంటున్నాయి.

ఐఈఎల్‌టీఎస్‌లో ఫ్రేజల్ వెర్బ్స్‌ని లెక్కపెట్టి మార్కులు వేయరు. రైటింగ్‌ని నాలుగు అంశాల్లో చూస్తారు, వాటిలో పదసంపద ఒకటి. అంటే సందర్భానికి తగిన మాట వేశారా అన్నదే చూస్తారు. అకడమిక్ టాస్క్ 1లో గ్రాఫ్ గురించి రాస్తూ 'వెంట్ అప్' అనే బదులు 'రోజ్', 'ఇంక్రీజ్డ్' అనండి. టాస్క్ 2 వ్యాసానికి టాస్క్ 1 కన్నా రెట్టింపు బరువు కాబట్టి మీ ప్రాక్టీస్ సమయం ఎక్కువగా దానికే ఇవ్వండి. జనరల్ ట్రైనింగ్ రాసేవాళ్లకు స్నేహితుడికి ఉత్తరం రావచ్చు. మీ మేడమ్ సలహా పనికొచ్చేది అక్కడే: 'క్యాచ్ అప్', 'డ్రాప్ బై' అని ధారాళంగా రాసుకోవచ్చు.

ఈ నెలంతా రోజుకొక ప్రభుత్వ ఉత్తర్వు ఇంగ్లిష్‌లో చదివి, అందులోని ఫ్రేజల్ వెర్బ్స్‌ని వాక్యంతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. ఆ తర్వాత వీధి దీపాల ఉత్తరాన్ని మళ్లీ రాసి పంపండి, చూస్తాను.